ఒకటే వాకిలి

ఆ పొద్దున ఆకాశం పడమటి నుంచి పరుగెడుతూ ఉంది. బూడిదరంగు మబ్బులు కొండనెత్తిని రాసుకుంటూ వచ్చి, ఒక్క చినుకైనా రాల్చకుండా తూర్పుకు పోతున్నాయి. అనంతపురం సీమలో ఆషాఢమంటే అంతే. మబ్బు ఇంకెవరికో పంపిన సామానులాగా మన మీదుగా వెళ్ళిపోతుంది. గాలి మాత్రం మనకు మిగులుతుంది.

గొర్రెల పరిశోధన కేంద్రం కొండ సగంలో ఉంది. డాక్టర్ హైమవతి దొడ్డి తడిక తీసేసరికి నల్లమూతి గొర్రె ఒక మూలన తలవంచుకుని నిలబడి ఉంది. దాని వెనక గడ్డి మీద పిల్ల పడి ఉంది. పిడికెడంత. ఇంకా బొచ్చు రాలేదు.

"మళ్ళా ఈసుకపాయనా?" అంది వెనక నుంచి ఓబుళక్క. ఆమె కేంద్రంలో వంటమనిషి. మందజరం వచ్చిన మొదటి ఏడు ఆమె మొగుడు పోయాడు. అప్పటి నుంచి కొండమీదే ఉంటోంది.

"పోయింది ఓబుళక్కా."

"ఈ కొండమీద గాలి మంచిది కాదు తల్లీ. దిష్టి తీయాల."

"గాలి కాదులే," అని హైమవతి గొంతుక్కూర్చుంది. గొర్రె వేసిన మాయను రెండు చేతుల్లోకి తీసుకుని నీళ్ళతొట్లో పరిచి చూసింది. గొర్రె మాయకు ఎర్రటి గుండీల్లాంటి ముద్దలు ఉంటాయి. ఆ గుండీల దగ్గరే పిల్ల తల్లిని పట్టుకుని ఉంటుంది. ఈ మాయలో గుండీలు పాలిపోయి, వదులుగా ఉన్నాయి. వేలితో తాకితే ఊడి వచ్చాయి.

ఆమె ఒక ముక్క కోసుకుని లోపలికి పోయింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూసింది. కణాలు ఒక్కొక్కటీ తన గోడ తాను కట్టుకుని విడివిడిగా నిలబడి ఉన్నాయి. మాయలో అట్లా ఉండకూడదు. అక్కడ కణాలు గోడలు కరిగించుకోవాలి. ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఒకే పొరగా పరుచుకోవాలి. తల్లి నెత్తురులోని తిండి ఆ పొర గుండానే బిడ్డకు పోవాలి.

దొడ్డిలో పరీక్ష కోసం పూత సూది వేసిన గొర్రెలూ ఉన్నాయి, వేయనివీ ఉన్నాయి. పోతున్నవన్నీ పూత వేసినవే.

ఆ పూత చేసింది ఆమే. కాగితాల మీద దానికి ఏదో పొడుగు పేరు ఉంది. జనం మైపూత అన్నారు. గొర్రెల మీది పిడుదులు మనిషిని కుట్టి మందజరం తెచ్చేవి. గొర్రెకు ఏమీ కాదు. మనిషి మాత్రం వారం తిరక్కుండా పోయేవాడు. ఆ రోజుల్లో కాపరుల కొట్టాల్లో సగం తలుపులు మూతపడ్డాయి. మైపూత సూది పడ్డాక ఒక్కరూ పోలేదు. ఆ సూది మొదట దిగింది హైమవతి ఎడమ చేతిలోనే. అప్పుడామెకు ముప్పై నాలుగేళ్ళు.

వైరస్ వచ్చి కణానికి అతుక్కుంటుంది. దాని పొరా కణం గోడా కరిగి ఒకటైతేనే అది లోపల పడుతుంది. మైపూత ఆ గోడను కరగనివ్వదు. వైరస్ వాకిట్లో నిలబడి నిలబడి చచ్చిపోతుంది. ఆమె చేసింది అదే. ఒంట్లో ఏ గోడా కరగకుండా చేసింది. కరగవలసిన గోడ కూడా ఒకటుందన్న సంగతి ఇప్పుడు కళ్ళముందు ఉంది.

ఓబుళక్క తెచ్చిన టీ చల్లారిపోయింది.

* * *

పైవాళ్ళకు రాస్తే, పూర్తిగా తేలేదాకా ఎవరికీ చెప్పవద్దని నెలల తర్వాత జవాబు వచ్చింది. హైమవతి ఆ మర్నాడే కొండ దిగి కొట్టాలకు పోయింది. బడి వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కడి ఇళ్ళలో ఉయ్యాలలు అటకెక్కి రెండేళ్ళు దాటింది. ప్రతి ఇల్లూ అది తమ ఇంటి పాపమే అనుకుంటూ వచ్చింది. పక్కింటివాళ్ళతో ఎవరూ అనలేదు. అందరిదీ ఒకటే సంగతి అని తెలిసిన ఆ నిమిషంలో కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సుంకులమ్మ అనే ఆమె వెనక వరసలో నుంచి అడిగింది. "అయితే నా ఒంట్లో వంక లేదా?"

"లేదు."

"నాకు మూడు పోయినాయి. మూడింటికీ మా అత్త నా కాలు మంచిది కాదనె. ఆయమ్మ సచ్చిపాయె గానీ, బతికుంటే ఈ మాట చెవినేసుకునుండు."

మరుసటి రోజు ఆమె మొగుణ్ణి వెంటబెట్టుకుని కొండెక్కింది. మొగుడి పేరు కరెన్న. పొడుగ్గా, ఎండిన మనిషి. భుజాన కంబళి, చేతిలో కట్టె. లోపలికి రమ్మంటే గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఆ పూత తీసేయొచ్చునామ్మా?" అంది సుంకులమ్మ.

"తీయొచ్చు. విప్పే సూది ఉంది. గొర్రెలకు వేశాను. వాటికి కడుపు నిలిచింది. మనుషులకు ఇంతవరకూ వేయలేదు."

"వేస్తే?"

"నీకు కడుపు నిలవచ్చు. జరం తగిలితే మాత్రం ఆపేది ఏదీ ఉండదు."

కరెన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ జరం లోపలికి ఎట్ల పోతాదమ్మా? సూడొచ్చునా?"

హైమవతి తెర మీద బొమ్మ వేసింది. కణం ఒకటి, దాని పక్కన ఆవగింజలో వెయ్యోవంతు కూడా లేని వైరస్. అది గోడకు అతుక్కుంది. గోడ కరిగింది. వైరస్ లోపలి నుంచి ఒక దారం కణంలోకి జారింది. కణంలో పనిచేసేవన్నీ ఆ దారాన్ని తమ యజమాని మాటే అనుకుని పనిలో దిగాయి. తమ తిండి మాని దాని పిల్లలను తయారుచేశాయి. పిల్లలు బయటికి పోతూ పోతూ కణం గోడనే తలా ఇంత చించి ఒంటికి చుట్టుకున్నాయి.

"ఇంటోళ్ళ గుడ్డ కట్టుకొని పోతాండాయి," అన్నాడు కరెన్న. "మేమూ అట్లనే చేస్తాం గదా. పిల్ల సచ్చిన గొర్రె ఉంటాది, తల్లి సచ్చిన పిల్ల ఉంటాది. సచ్చినదాని తోలు తీసి బతికినదానికి తొడుగుతాం. గొర్రె మూచ్చూసి, నా బిడ్డే అనుకొని పాలిస్తాది."

"సరిగ్గా అదే."

"మీరు మంచికి చేస్తారు, అది చెడ్డకు చేస్తాంది. పని ఒకటే," అంది సుంకులమ్మ.

హైమవతి రెండో బొమ్మ వేసింది. మాయలో కణాలు గోడలు కరిగించుకుని కలిసిపోతున్నాయి. "ఈ పనిని మాయకు నేర్పింది కూడా వైరసే. మనిషి ఇంకా మనిషి కానప్పుడు ఏదో వైరస్ ఒక తల్లి ఒంట్లోకి వచ్చి బయటికి పోలేకపోయింది. దాని విద్య ఒంట్లోనే మిగిలిపోయింది. అప్పటి నుంచి బిడ్డ తల్లిని పట్టుకోవాలంటే ఆ విద్యే వాడుతుంది. అందుకే రెండింటికీ ఒకటే వాకిలి. ఒకదానికి మూస్తే రెండోదానికీ మూసుకుపోయింది."

సుంకులమ్మ చాలాసేపు తెర చూసింది. "దొంగనాబట్ట. దొంగతనానికొచ్చి ఉయ్యాల కట్టడం నేర్పిపాయనా?"

ఓబుళక్క తలుపు చాటున నవ్వింది. కరెన్న నవ్వలేదు.

"వద్దు లేమ్మే," అన్నాడు. "నువ్వుండావు. మంద ఉండాది. సాలదా?"

"మందను రొమ్ముకేసుకొందునా?"

అతను కట్టెను నేలమీద రెండుసార్లు తాటించి ఊరుకున్నాడు. ఆ ఇంట్లో ఏ మాటైనా ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ తెలుసని హైమవతికి అర్థమైంది. మిగతా ఆడవాళ్ళు కొట్టాల్లో కనిపెట్టుకుని ఉన్నారు. ఈమెకు ఏమవుతుందో చూశాకే తాము రావాలని.

* * *

కేంద్రానికి పైన విడిగా ఒక పెంకుటిల్లు ఉంది. విప్పే సూది వేయించుకుని సుంకులమ్మ అందులోకి మారింది. దాని చుట్టూ రెండు కంచెలు వేశారు. కంచెల మధ్య నేలను వారానికొకసారి కాల్చి నల్లగా ఉంచారు. గడ్డిపోచ లేకపోతే పిడుదు నడవలేదు. కరెన్న మందను తమ్ముడికి అప్పజెప్పి, గుండు చేయించుకుని, వేడినీళ్ళలో మందు కలిపి స్నానం చేసి, కొత్తపంచె కట్టుకుని లోపలికి పోయాడు. అతనున్న నెల్లాళ్ళూ ఆ ఇంట్లో నుంచి నవ్వులు వినపడేవి. సుంకులమ్మ అతని గుండు చూసి తిరుమల పెళ్ళికొడుకా అని పిలిచేది.

ఆమెకు నెల తప్పింది. తమ్ముడి చేతిలో మంద చెదిరిపోతోందని కబురు వచ్చింది. కరెన్న బయటికి పోయాడు. ఒకసారి మందలో కలిశాక మళ్ళీ లోపలికి రావడానికి లేదు. ఆమె ఒక్కతే మిగిలింది.

అతను మేపుకు పోయి వస్తూ సాయంత్రం బయటి కంచె దగ్గర నిలబడేవాడు. ఆమె వసారాలో నిలబడేది. మధ్యలో అంత దూరం ఉంటే మాట్లాడడానికి అరవాలి. అరిచి చెప్పుకోదగ్గ మాటలు మొగుడూ పెళ్ళాల మధ్య ఎక్కువ ఉండవు. అందుకని గొర్రెల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

"బొల్లిది ఈనిందే!"

"ఎన్ని పిల్లలు?"

"రెండు!"

"పాలు సాలుతాండాయా?"

"సాలుతాండాయి!"

ఆ తర్వాత ఏమీ ఉండదు. అతను ఇంకాసేపు నిలబడి, కట్టె ఎత్తి చూపించి, దిగిపోయేవాడు. అతని కంబళి రంగూ కొండ రంగూ ఒకటే. కాస్త దూరం పోయేసరికి మనిషి ఏదో బండ ఏదో తెలిసేది కాదు. ఆమె అక్కడే నిలబడి ఏదో ఒక బండను చూస్తూ ఉండేది.

పగలు ఓబుళక్క స్నానం చేసి, వేరే చీర కట్టుకుని సంగటి తీసుకుపోయేది. హైమవతి నెత్తురు తీసుకునేది. మిగతా పొద్దంతా గోడలే. మొదటి నెలల్లో సుంకులమ్మకు నిద్ర పట్టేది కాదు.

"వాసన లేదమ్మా ఈడ," అంది ఒకసారి. "పుట్టినకాణ్ణుంచి గొర్రె వాసనలో పండుకొనేదాన్ని. ఈడ గోడకు సున్నం వాసన, నీళ్ళకు మందు వాసన. నా ఒళ్ళే నాకు ఎవరిదో మాదిరి ఉండాది."

హైమవతి నెత్తురు సీసాకు మూత బిగించుకుని కిందికి దిగింది. ఆమె క్వార్టరు కింద ఉంది. కిటికీ లోంచి చూస్తే పై ఇంట్లో దీపం కనపడుతుంది. ఆమె తన అన్నం తాను వండుకుని, గిన్నెలో నుంచే తిని, గిన్నె కడిగి బోర్లించేది. విప్పే సూదిని ఎంతోమందికి సరిపడా చేసి పెట్టింది. నీకు వద్దా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు.

ఒక సాయంత్రం బిడ్డ గుండె వినపడింది. హైమవతి ఆ యంత్రానికి పెద్ద స్పీకరు తగిలించి వసారాలోకి తెచ్చింది. కొండమీద గట్టినేలను గుర్రం తొక్కుతున్నట్టు టకటకా చప్పుడు. కంచె అవతల కరెన్న కదలకుండా నిలబడ్డాడు. కింద మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. అతను కంబళి కొంగుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఏమప్పా, గమ్మునుండావే!" అని అరిచింది సుంకులమ్మ.

"ఇంటాండా!" అని అరిచాడు.

ఆ చప్పుడు వింటూ హైమవతి మొదటిసారి పైవాళ్ళకు సంతోషంగా ఉత్తరం రాయాలనుకుంది.

* * *

ఐదో నెలలో కరెన్న ఒక కొత్త కంబళి తీసుకుని కేంద్రం వాకిట్లోకి వచ్చాడు. వాళ్ళ ఇంట్లో కడుపుతో ఉన్న ఆడమనిషికి ఐదో నెలలో మొగుడు కంబళి కప్పాలి. కాన్పయ్యాక బిడ్డను మొదట పండబెట్టేది దాని మీదే. ఆ కంబళి అతనే నేయించాడు.

"బయటి నుంచి వచ్చేవన్నీ వేడిపెట్టెలో పెట్టాలి కరెన్నా," అంది హైమవతి.

"పెట్టెలో పెడితే ఉన్ని ముడుసుకపోతాదమ్మా. పోగుకు పెట్టిన సింతగింజల గంజి మాడిపోతాది. బిడ్డకు గట్టిగా గుచ్చుకొంటాది."

"మందలోకి పోలేదు గదా ఇది?"

"లేదమ్మా. వాగులో ఉతికినా. బండమీద మూడు దినాలు ఎండబెట్టి, కట్టెతో దులిపినా."

హైమవతి కంబళిని బల్లమీద పరిచి, భూతద్దంతో ఒక కొస నుంచి రెండో కొసకు చూసింది. శుభ్రంగా ఉంది. పై ఇంటి వసారాలో సుంకులమ్మ నిలబడి ఇటే చూస్తోంది. వసారా స్తంభాన్ని పట్టుకుని మునివేళ్ళ మీద లేచి చూస్తోంది.

"సరే," అంది హైమవతి.

ఆ సాయంత్రం సుంకులమ్మ కంబళి కప్పుకుని వసారాలో తిరిగింది. "పెళ్ళికూతుర్ని మాదిరి ఉండానా?" అని అరిచింది. "గొర్రె మాదిరి ఉండావు!" అని కంచె అవతల నుంచి జవాబు వచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర పట్టింది.

పది రోజులు గడిచాక ఓబుళక్క చెంబు అక్కడే పడేసి పరుగెత్తుకుంటూ కిందికి వచ్చింది.

హైమవతి పోయేసరికి సుంకులమ్మ మంచం మీద ముడుచుకుని ఉంది. కళ్ళు ఎర్రగా, ఒళ్ళు పొయ్యిలాగా ఉంది.

"అదేనా అమ్మా?"

"నెత్తురు చూస్తే తెలుస్తుంది."

"సూసే పన్లేదు. చెవి వెనక పిడుదు ఒకటి పీకినా, మొన్నామధ్య. నువ్వులగింజంత. పొయ్యిలో ఏసినా." ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "నీకు చెప్తే కంబళి తీసకపోతావని చెప్పలా."

హైమవతి కంబళిని ఎత్తి వాకిట్లోకి తీసుకుపోయింది. ఎండలో ఒక్కొక్క పోగూ విప్పి చూసింది. అంచు మడత కుట్టులో, గంజి గడ్డకట్టినచోట, మరొకటి ఉంది. ఇంకా నెత్తురు తాగలేదు. బల్లమీద తాను చూసిన కొస అదే. కుట్టు విప్పి చూడలేదు.

సాయంత్రానికి నెత్తురు సంగతి తేలింది. వైరస్ కాలేయంలో దిగింది. ఒక్కొక్క కణం దాని పిల్లలను వేలల్లో వదులుతోంది. మైపూత మళ్ళీ వేస్తే అది అక్కడితో ఆగుతుంది. కొత్త కణాల్లోకి పోవడానికి వీలుండదు. మాయ కూడా ఆగుతుంది. మాయ ఒకసారి కుట్టి వదిలేసిన గుడ్డ కాదు. రోజూ కొత్త కణాలను తనలో కలుపుకుంటూ ఉండాలి. కలుపుకోవడం ఆగితే పాతది అరిగిపోతుంది.

హైమవతి మర్నాడు పొద్దున్నే బయటి కంచె దగ్గరికి పోయింది. కరెన్న అప్పటికే అక్కడ ఉన్నాడు. మంద లేదు. ఒక్కడే. ఆమె కంచెకు ఇవతల నిలబడి అంతా చెప్పింది.

"బిడ్డను బయటికి తీసి సాకలేమా?" అన్నాడు.

"ఆరో నెల ఇప్పుడే వచ్చింది. ఊపిరితిత్తులు తయారు కాలేదు."

"పూత ఎయ్యకుంటే?"

"ఇద్దరూ పోతారు."

అతను కంచె తీగను పట్టుకున్నాడు. ముల్లు అరచేతిలో దిగినా తీయలేదు. "దాన్నే అడుగమ్మా. నేను కంచె ఇవతల ఉండేవాణ్ణి."

సుంకులమ్మ తెలివిలోనే ఉంది. చెప్పింది విన్నది. ఏడవలేదు.

"పొద్దుగుంకేదాకా ఆగమ్మా."

"ఎంత ఆలస్యమైతే అంత కష్టం సుంకులమ్మా."

"తిరుగుతాంది. ఇప్పుడు తిరుగుతాంది. పొద్దున పూట బాగా తన్నుతాది, మద్యానం పండుకొంటాది, పొద్దు వాలినాక మళ్ళా లేస్తాది. ఒక్క దినం సూస్తా."

హైమవతి సిరంజి నింపి, గుడ్డ కప్పి, పక్కన పెట్టుకుని కూర్చుంది. ఓబుళక్క తడిగుడ్డ మారుస్తూ ఉంది. సుంకులమ్మ రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. మధ్యమధ్యలో పెదవులు కదిలాయి. ఏం చెబుతోందో వినాలని ఓబుళక్క వంగి, ఏమనుకుందో మళ్ళీ వెనక్కి జరిగి కూర్చుంది. మధ్యాహ్నం జరం ఇంకా పెరిగింది. చిగుళ్ళలో నెత్తురు కనిపించింది. హైమవతి లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. తన జీవితంలో ఆమె ఎంత చదివిందో అంతా ఆ గుడ్డ కింద ఉంది. దాన్ని వాడడానికి ఇంకొకరి మాట కోసం కనిపెట్టుకుని ఉంది.

కిటికీలో ఎండ ఎర్రబడింది. గోడ మీదికి పాకింది. పోయింది.

"లేచింది," అంది సుంకులమ్మ కళ్ళు తెరవకుండానే. కాసేపు అట్లాగే ఉంది. తర్వాత ఒక చేతిని పొట్టమీది నుంచి తీసి హైమవతి వైపు చాపింది.

* * *

జరం దిగింది. ఆ తర్వాత ఐదో నాడు పొద్దున బిడ్డ తన్నలేదు. మర్నాడు కాన్పయింది. ఓబుళక్క ఆడబిడ్డ అని చెప్పి, పాత మెత్తటి చీరముక్కలో చుట్టింది.

సుంకులమ్మ ఒంటికి మళ్ళీ పూత ఉంది. కంచెలకు ఇక పని లేదు. ఎవరైనా రావచ్చు, ఎక్కడైనా తిరగవచ్చు. అయినా కరెన్న లోపలికి రావడానికి ముందు బయటి గేటు దగ్గర ఆగాడు. కొట్టాల నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు అతని కంటే ముందే వచ్చి గేటు పక్కన నిలబడి ఉన్నారు. ఓబుళక్క చేతిలో మూట చూసి, ఏమీ అడక్కుండా తిరిగి కొండ దిగిపోయారు. హైమవతి వాళ్ళను పిలవాలనుకుంది. గేటు దాకా పోయి ఆగిపోయింది.

అంతకుముందే, తెల్లవారుతుండగా, సుంకులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"కంబళి సంగతి ఆయప్పకు చెప్పొద్దమ్మా."

"సుంకులమ్మా..."

"తనే తెచ్చినాననుకొంటే బతకడు. ఆ మనిషి నాకు తెలుసు. గాల్లో వచ్చిందని చెప్పు. నీళ్ళల్లో వచ్చిందని చెప్పు. నువ్వు సదువుకొన్నదానివి, ఏదో ఒకటి నమ్మేటట్లు చెప్పు."

"చెప్పను," అంది హైమవతి.

ఇప్పుడు గేటు దగ్గర కరెన్న మూటను రెండు చేతులా అందుకున్నాడు. విప్పి చూడలేదు. కొండవాలులో, ఎండ తగలని పక్క, తనే గుంత తవ్వి వచ్చాడట. చేతులకు ఎర్రమన్ను ఉంది. రెండడుగులు పోయి వెనక్కి తిరిగాడు.

"పిడుదేనామ్మా?"

అతను అడిగింది జవాబు కోసం కాదని ముఖం చూస్తేనే తెలిసింది.

"ఉతికింది నిజమే. ఎండబెట్టింది నిజమే," అన్నాడు. "ఈడికి తెచ్చేముందు పొద్దున మందలో పెద్దగొర్రెను దాని మీద నడిపించినా. ఒక్కదాన్నే. ఒక్కసారే. మంద తొక్కంది కప్పకూడదు మా ఇండ్లల్లో. మా నాయన తొక్కించినాడు, మా తాత తొక్కించినాడు. మేము పుట్టలేదా అనుకొంటి. నువ్వు మందలోకి పోయిందా అంటివి. కంబళి మందలోకి పోలేదు గదా, గొర్రే కదా కంబళి మీదికి వచ్చిందనుకొంటి. అబద్ధం చెప్పాలనుకోలేదమ్మా. ఆ మాట నోటికే రాలా."

గాలికి అతని చేతిలోని చీరముక్క కొస ఎగిరింది. వేలితో లోపలికి దోపాడు.

"నేను కుట్టు విప్పి చూసి ఉండాల్సింది," అంది హైమవతి. "పెట్టెలో పెట్టి ఉండాల్సింది."

అతను ఆ మాట విననట్టే ఉన్నాడు. "దానికి చెప్పొద్దు. కంబళి కప్పుకొని ఎంత మురిసిపాయనో నువ్వూ సూస్తివి. అదొక్కటైనా మిగలనీ దానికి."

"చెప్పను," అంది.

అదే మాట. పొద్దు రెండు బారలు కూడా ఎక్కకముందే రెండోసారి. అతను వాలు దిగిపోయాడు. ఆమె గేటు తీగను పట్టుకుని అక్కడే నిలబడింది. దిగువన మన్ను కప్పుతున్న చప్పుడు వినిపించి ఆగిపోయింది. ఇద్దరి మధ్యా తాను కరగని గోడలాగా నిలబడి ఉండాలి. ఎంతకాలమో తెలియదు. ఇటు నుంచి అటు ఒక్క మాట పోనివ్వకూడదు.

మధ్యాహ్నం ఓబుళక్క పై ఇంట్లోనే పొయ్యి వెలిగించింది. రాగిసంగటి కెలికి, చెనక్కాయల ఊరుబిండి నూరింది. చింతాకు వేసి పప్పు చేసింది. వసారాలో నాలుగు పళ్ళాలు పరిచింది. హైమవతి తన క్వార్టరుకు పోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.

"యాడికి తల్లీ? ఆడ ఒక్కదానివే ఏం తింటావు? కూకో."

హైమవతి కూర్చుంది. సుంకులమ్మ గోడకు ఆనుకుని ఒక పక్క, కాళ్ళుచేతులు కడుక్కుని వచ్చిన కరెన్న ఒక పక్క. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చుని ఎన్నో నెలలైంది. మధ్యలో హైమవతి పళ్ళెం పడింది. జరుగుదామనుకుంటే జరగడానికి చోటు లేదు.

ఓబుళక్క తలా ఒక ముద్ద పెట్టింది. వేడికి పొగలు లేస్తున్నాయి. సుంకులమ్మ తన ముద్ద మధ్యలో బొటనవేలితో గుంత చేసి, పప్పు పోయించుకుంది. ఒక ముక్క తుంచింది. తినకుండా కాసేపు చేతిలో పట్టుకుంది. తర్వాత మిగిలిన ముద్దలో సగం విరిచి, హైమవతి పళ్ళెం మీదుగా చెయ్యి చాపి, మొగుడి పళ్ళెంలో పెట్టింది. కరెన్న ఆ చేతిని చూశాడు. ముఖం చూడలేదు. ఊరుబిండి గిన్నెను ఆమె వైపు నెట్టాడు.

ఓబుళక్క కూడా కూర్చుంది. అందరూ తిన్నారు. సుంకులమ్మ మళ్ళీ చెయ్యి చాపితే, హైమవతి తన పళ్ళేన్ని కాస్త వెనక్కి లాక్కుని దారి ఇచ్చింది.